పాత ఇల్లు కొంటున్నారా? వానలో ఒకసారి చూసి రండి

అమలాపురం: కోనసీమలో ఏ ఊరికి వెళ్ళినా కొబ్బరి తోటల మధ్య ఒకటో రెండో పెద్ద పెంకుటిళ్ళు తాళాలు వేసి కనబడతాయి. కట్టించినవారు కాలం చేశారు. బిడ్డలు హైదరాబాదులోనో, విశాఖపట్నంలోనో, సముద్రాల అవతలో స్థిరపడ్డారు. ఏటా సంక్రాంతికి వచ్చి అరుగులు కడిగించి, నాలుగు రోజులు ఉండి వెళ్ళేవారు. తర్వాత రెండేళ్ళకోసారి అయింది. ఆ తర్వాత తాళం చెవి పక్కింటివారి దగ్గరే ఉండిపోయింది. చివరికి ఒక పెళ్ళిలోనో, సంవత్సరీకంలోనో అందరూ కలిసినప్పుడు “అమ్మేద్దాం” అనే మాట పుడుతుంది. ఆ మాట పుట్టిన మరునాడే ఊళ్ళో ఇద్దరు మనుషులు తయారవుతారు. ఒకరు స్థలం కోసం వచ్చేవారు, మరొకరు కలప కోసం వచ్చేవారు. ఇల్లు ఇల్లుగానే కావాలని వచ్చే మూడో మనిషి అరుదు.

ఈ మధ్య అంబాజీపేట వైపు ఒక గ్రామంలో అలాంటి మూడో మనిషి ఒకాయన వచ్చారు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. ఉద్యోగమంతా బదిలీల మీద అద్దె ఇళ్ళలో గడిచింది. ఆరుబయట వాన పడుతుంటే పంచలో కూర్చుని చూడాలన్నది ఆయన భార్య కోరిక. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో ముప్పాతిక భాగం పోసి ఒక మండువా లోగిలి కొన్నారు. కొనడానికి పద్నాలుగు నెలలు పట్టింది. అందులో ఇంటిని చూడడానికి పట్టిన కాలం తక్కువ, మనుషులను కూడగట్టడానికి పట్టిన కాలం ఎక్కువ. పాత ఇంటి బేరంలో ఉన్న సుఖమూ కష్టమూ ఆ ఒక్క ఇంటి కథలో దాదాపు అన్నీ ఉన్నాయి కనుక దానినే పట్టుకుని చెప్పుకుందాం. వారి పేర్లతో మనకు పని లేదు.

వాన చెప్పే నిజం

పాత ఇంటిని ఎండాకాలంలో చూస్తే అది చల్లగా ఉంటుంది, కొనేవాడు మోసపోతాడు. రెండడుగుల మందం గోడ, ఎత్తయిన పెంకు కప్పు, నడిమధ్య తెరిచిన మండువా, వెచ్చని గాలి పైకి పోయి చల్లగాలి లోపలికి వచ్చే ఏర్పాటు. మే నెల మధ్యాహ్నం అలాంటి ఇంట్లో అడుగుపెట్టినవాడికి బేరం చేయబుద్ధి పుట్టదు. అందుకని మన మాస్టారు ఒక పని చేశారు. మొదటిసారి మే నెలలో చూసినా, బయానా ఇవ్వకుండా ఆగి, ఆగస్టులో ముసురు పట్టిన మూడో రోజున గొడుగు వేసుకుని మళ్ళీ వెళ్ళారు.

వెళ్ళేసరికి ఇంటి పెద్దకొడుకే ఈశాన్యం గదిలో బిందెలు పెడుతున్నారట. “చూశారుగా మాస్టారూ, దాచేదేముందండీ” అన్నారట. ఆ ఒక్క మాటతో ఇద్దరికీ నమ్మకం కుదిరింది. ఇలాంటి అమ్మకందారు దొరకడం కొన్నవారి అదృష్టం. చాలాచోట్ల జరిగేది వేరు. ఇల్లు చూపించే ముందు వారం గోడలకు సున్నం వేయిస్తారు. గోడ అంతా పాతబడి ఉండి, కింది మూడడుగులకు మాత్రం కొత్తగా వెల్ల వేసి ఉంటే అక్కడ చెమ్మ ఉందని అర్థం చేసుకోవాలి.

మండువా ఇంట్లో నాలుగు వైపుల కప్పూ లోపలికి వాలి ఉంటుంది. రెండు వాలులు కలిసే నాలుగు మూలల్లో నీరంతా ఒకచోటికి చేరి ధారగా దిగుతుంది. ఇల్లు పాడవడం ఆ మూలల్లోనే మొదలవుతుంది. అక్కడి రేకు తుప్పు పట్టిందా, పెంకు జారిందా, కింద ఉన్న వాసం నల్లబడిందా అన్నది వానలోనే తెలుస్తుంది. రెండోది, మండువాలో పడిన నీరు బయటికి పోయే తూము. పైన ఆకులు, మట్టి చేరి తూము పూడిపోతే ఒక్క గట్టి వానకే నీరు పంచలోకి ఎక్కుతుంది. బిందెడు నీళ్ళు పోసి చూస్తే చాలదు, నాలుగైదు బిందెలు ఒకేసారి పోయించి చూడాలి.

మూడోది మన ఊళ్ళలో కొత్తగా వచ్చిన చిక్కు. పాతికేళ్ళుగా వీధుల్లో సిమెంటు రోడ్లు వేస్తున్నారు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది వేయడంతో వీధి ఎత్తు పెరుగుతూ వచ్చింది. ఒకప్పుడు అయిదు మెట్లెక్కి అరుగు మీదికి వెళ్ళిన ఇంటికి ఇప్పుడు రెండు మెట్లే మిగిలాయి. కొన్నిచోట్ల వీధి ఇంటి కంటే ఎత్తయి వాన నీరు గుమ్మంలోకి చూస్తున్నది. మాస్టారు కొన్న ఇంటికి మూడు మెట్లు బయట ఉన్నాయి, రెండు భూమిలో ఉన్నాయి. అది చూసుకునే ఆయన ఇంటి చుట్టూ కాలువ తీయించే ఖర్చు బేరంలోంచి తగ్గించుకున్నారు.

ఏటిగట్టు లోపల లంక గ్రామాల్లో కొనేవారు ఇంకొకటి అడగాలి. 1986 ఆగస్టు వరదలో నీరు ఎంతదాకా వచ్చింది, 2022 జూలైలో ఎంతదాకా వచ్చింది అని. అమ్మేవారిని కాదు, ఎదురింటివారిని అడగాలి. ఏ గుమ్మం ఏ గీత దాకా మునిగిందో వారు చేత్తో చూపిస్తారు.

చుట్టూ కొబ్బరి చెట్లున్న ఇల్లయితే పైకి కూడా చూడాలి. 1996 నవంబరు 6 రాత్రి తుపానులో ఈ ప్రాంతంలో కప్పులు పోయిన ఇళ్ళకు లెక్క లేదు. గాలికి పెంకులు ఎగిరిపోయినవి కొన్నయితే, చెట్టు పడి కూలినవి కొన్ని. నాలుగు వైపులా వాలు ఉన్న పాత కప్పు, రెండు వాలుల కప్పు కంటే గాలికి బాగా ఓర్చుకుంటుంది. చూరు కిందుగా ఉండడం కూడా అందుకు సాయమే. కానీ ఇంటి మీదికి ఒరిగిన కొబ్బరి చెట్టు ముందు ఏ కప్పు నిలబడదు.

అన్ని పాత ఇళ్ళూ ఒకటి కావు

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పాత ఇల్లు అనగానే అందరూ పెంకుటింటినే అనుమానిస్తారు, డాబాను నమ్ముతారు. ఈ ప్రాంతంలో అది తలకిందుల లెక్క అని చాలామంది తాపీమేస్త్రీల అభిప్రాయం. మా అభిప్రాయమూ అదే.

నలభై, యాభై ఏళ్ళ కిందట సముద్రానికి దగ్గరి ఊళ్ళలో వేసిన శ్లాబులు కొన్ని ఉప్పు కలిసిన ఇసుకతో, ఉప్పు నీళ్ళతో వేసినవి. ఉప్పు లోపలి ఇనుప చువ్వలను తినేస్తుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే రెండు మూడు రెట్లు, ఒక్కోసారి అంతకు మించి ఉబ్బుతుంది. ఉబ్బి, కింది కాంక్రీటును తోసేస్తుంది. మొదట చువ్వ పొడవునా సన్నని బీట, తర్వాత గోధుమ రంగు మరక, తర్వాత పెచ్చులు ఊడి మంచం మీద పడడం. అమ్మేవారు అడుగున సిమెంటు పూయించి రంగు వేయిస్తే కంటికి ఏమీ కనబడదు. చిన్న సుత్తితోనో, కర్రతోనో శ్లాబు అడుగున తట్టుకుంటూ పోవాలి. గట్టి చోట “టంగు” మంటుంది. విడిపోయిన చోట డొల్లగా పలుకుతుంది. అలా డొల్ల పలికిన శ్లాబును బాగుచేయడానికి పట్టే ఖర్చు చెబితే ఇల్లు ఉచితంగా ఇచ్చినా ఆలోచించవలసిందే.

పెంకుటిల్లు అలా కాదు. దాని జబ్బు పైకి కనబడుతుంది, దాని మందు విడివిడిగా దొరుకుతుంది. పెంకు పగిలితే ఆ పెంకు మార్చవచ్చు, వాసం పుచ్చితే ఆ వాసం మార్చవచ్చు. అచ్చుపెంకు కప్పుకు నూరు చదరపు అడుగులకు సుమారు 140 నుంచి 150 పెంకులు పడతాయి. మంగుళూరులో బాసెల్ మిషను వారు 1865లో మొదటి అచ్చుపెంకు ఫ్యాక్టరీ పెట్టిన తర్వాత ఆ రకం దక్షిణాదంతా పాకింది. అంతకుముందు మన ఊళ్ళలో కుమ్మరి చేసిన గూనపెంకే. ఇప్పుడు కూల్చిన ఇళ్ళ పెంకులు ఊరూరా గుట్టలుగా దొరుకుతున్నాయి. ఎటొచ్చీ పాత అచ్చులకు కొత్త పెంకు సరిగా కొరకదు కనుక, తీసుకునేముందు ఇంటి మీది పెంకు ఒకటి చేత పట్టుకుని వెళ్ళాలి. పెంకు కొనడం కంటే కష్టం, ఎక్కి సర్దేవాడిని దొరకబుచ్చుకోవడం. కోతుల బెడద ఉన్న ఊళ్ళలో ఈ పని ఏటా తప్పదు. ఇది తెలియక కొని, రెండేళ్ళలో విసిగి, పైన రేకులు వేయించి, వేసవిలో ఉడికిపోతున్నవారు ఉన్నారు.

కర్రను చెవితో చూడాలి

ఇంటికి అసలు విలువ కలప. నది మీద తెప్పలుగా కట్టి తెచ్చిన మన్యం టేకు కొన్ని ఇళ్ళలో ఉంటే, ఓడల మీద వచ్చిన బర్మా టేకు కొన్నిటిలో ఉంటుంది. “ఇదంతా బర్మా టేకేనండీ” అని ప్రతి అమ్మకందారూ అంటారు. తీరా చూస్తే ముందు గది తలుపు మాత్రం టేకు, వెనక వంటింటి వాసాలన్నీ తాడి. తాడి చెడ్డదని కాదు. బాగా చేవదేలిన తాటిదూలం మూడు తరాలు నిలుస్తుంది. ధర మాత్రం టేకుది ఇవ్వనక్కరలేదు.

మాస్టారు వెంట వెళ్ళిన వడ్రంగి డెబ్బై ఏళ్ళ మనిషి. ఆయన ముందుగా చూసింది నడుమ చెక్కిన స్తంభాలను కాదు, దూలం గోడలోకి దిగే చోటును. “దూలం మధ్యలో పుచ్చదండీ. గోడలో తల దాచుకున్న చోట పుచ్చుద్ది” అన్నాడు. గోడ చెమ్మ పీల్చినప్పుడు ఆ కొస తడుస్తుంది, ఆరదు, చెద అక్కడి నుంచి మొదలవుతుంది. అయిదారు చోట్ల స్క్రూడ్రైవరుతో పొడిచి చూశాడు. గట్టి కర్రలో మొన దిగదు. రెండు చోట్ల మాత్రం పిడి దాకా దిగింది. అంతకుముందు ఆ దూలాలకు నల్లని వార్నీషు వేసి ఉంది, పైకి అద్దంలా మెరుస్తున్నాయి.

పుచ్చిన కొసను కోసేసి కొత్త కర్రను జోడించి, ఇనుప పట్టీలతో బిగించే పని ఒకటుంది. దూలమంతా మార్చక్కర్లేదు. ఆ పని తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి. కొత్త వడ్రంగులకు ప్లైవుడ్డు అలవాటు. దూలం కింద మట్టిగోడ మెత్తబడిందా అన్నది కూడా చూడాలి. మట్టిగోడ పాడయిందంటే ఎలుకలో, నీళ్ళో, లేదా గోడలో మొలిచిన రావిమొక్కో కారణం. రావిమొక్కను పీకితే చాలదు, వేరు లోపల మిగిలితే వానలకు మళ్ళీ వస్తుంది.

గోడ బీటల సంగతి కొంచెం ఓర్పుతో చూసుకోవలసింది. నిలువుగా సన్నగా ఉన్న పాత బీటకు భయపడనక్కర్లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పోతూ వెడల్పయ్యే బీట పునాది కుంగిందనడానికి గుర్తు. అది ఆగిపోయిన కుంగుడా, ఇంకా కుంగుతున్నదా అని తెలుసుకోవడానికి తేలిక ఉపాయం: బీటకు అడ్డంగా కాగితం ముక్క అంటించి, తేదీ రాసి, రెండు నెలల తర్వాత చూడడం. కాగితం చిరిగితే గోడ కదులుతున్నట్టు.

సున్నపు గోడకు సిమెంటు మందు

కొన్నాక చేసే పొరపాట్లలో అన్నిటికంటే ఖరీదైనది ఇదే కనుక కాస్త వివరంగా చెప్పాలి. పాత గోడలు సున్నంతో కట్టినవి. గుల్ల సున్నాన్ని ఊరబెట్టి, ఇసుకతో కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో నూరి, కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపి వాడేవారు. ఆ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని నెమ్మదిగా రాయిలా గట్టిపడుతుంది. కానీ అది గాలాడే గోడ. నేల నుంచి ఎక్కిన చెమ్మ దానిలోంచి బయటికి ఆరిపోతుంది.

కింది భాగంలో పెచ్చులు ఊడుతున్నాయని దానిమీద దళసరిగా సిమెంటు పూత పూస్తే ఏమవుతుంది? చెమ్మ అక్కడ బయటికి రాలేదు. లోపలే పైకి పాకుతుంది. మూడడుగుల దగ్గర ఆగవలసిన తడి అయిదడుగులకు చేరుతుంది. రెండు మూడు వానాకాలాల తర్వాత సిమెంటు పూత పలకలు పలకలుగా ఊడి, వెనక ఉన్న సున్నాన్ని కూడా తీసుకుపోతుంది. మళ్ళీ సిమెంటే పూస్తారు, ఇంకొంచెం ఎత్తుకు. ఈ విధంగా గోడను తడిలో ఉడకబెట్టి, చివరికి “పాత గోడ కదండీ, లాభం లేదు, పడగొట్టండి” అని చెప్పే మేస్త్రీలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

ముందు నీరు గోడకు రాకుండా చుట్టూ కాలువ తీయాలి. చూరు నీరు గోడ మొదట్లో పడకుండా చూడాలి. గోడను ఒక వేసవి ఆరనివ్వాలి. ఆ తర్వాత సున్నం పూతే పూయాలి. పైన ప్లాస్టిక్ లాంటి పెయింటు కాకుండా వెల్ల వేసుకోవాలి. ఖర్చు తక్కువే, సున్నం పని తెలిసిన మేస్త్రిని వెతకడమే శ్రమ.

అలాగే పైకప్పు మీదికో, పాత గోడ మీదికో వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకు ఎక్కించకండి. నీళ్ళే టన్ను బరువు. దొడ్లో విడిగా దిమ్మె కట్టించుకోవడం మేలు. కరెంటు వైరింగు కొయ్య బద్దల మీద లాగిన పాతదైతే మాట్లాడకుండా మొత్తం తీయించాలి. అటక మీద ఎలుకలు కొరికిన తీగ, పక్కన ఎండిన కర్ర. ఇల్లు తగలబడడానికి ఇంకేమీ అక్కర్లేదు. ఎర్తింగు పెట్టించి, షాకు కొట్టగానే సరఫరా తెగే పరికరం బిగించుకోవాలి. వాస్తు కోసం గోడలు పగలగొట్టి గుమ్మాలు మార్చేవారికి ఒక మనవి: ఆ గోడ మీద దూలం కూర్చుని ఉందేమో ముందు చూడండి. శాస్త్రం సంగతి తర్వాత.

ఎనిమిది సంతకాలు

ఇప్పుడు అసలు చిక్కు. మాస్టారు కొన్న ఇంటికి అన్నదమ్ములు ముగ్గురు, అక్కచెల్లెళ్ళు ఇద్దరు. తండ్రి 1971లో వీలునామా రాయకుండా చనిపోయారు. తల్లి ఆ తర్వాత. ఊళ్ళో దస్తావేజు రాసే ఆయన “ఆడపిల్లల పెళ్ళిళ్ళు 1985కు ముందే అయిపోయాయి, వారి సంతకాలు అక్కర్లేదు” అని తేల్చేశారు. ఈ మాట ఇప్పటికీ చాలా గ్రామాల్లో వినబడుతుంది. ఇది సగం విన్న మాట.

1985లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు ఇచ్చింది. అప్పటికే పెళ్ళయినవారికి మాత్రం ఇవ్వలేదు. నిజమే. కానీ 1956 చట్టం ప్రకారమే, తండ్రి వీలునామా లేకుండా పోతే ఆయన వాటాలో కూతురికి కొడుకుతో సమానంగా భాగం ఉంది. పెళ్ళయిందా లేదా అన్న ప్రశ్నే లేదు. అప్పట్లో ఒక అడ్డు మాత్రం ఉండేది: కుటుంబం నివసించే ఇంటిని కొడుకులు పంచుకోదలచేదాకా కూతురు పంపకం అడగకూడదు అని. 2005లో కేంద్రం చేసిన సవరణ ఆ నిబంధనను తీసేసింది. అదే సవరణతో దేశమంతటా కూతుళ్ళు పుట్టుకతో వాటాదార్లయ్యారు. 2020లో సుప్రీంకోర్టు, 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురికి ఆ హక్కు ఉంటుందని స్పష్టం చేసింది.

మాస్టారు అమలాపురంలో వకీలును అడిగారు. లెక్క వేస్తే ఎనిమిది సంతకాలు తేలాయి. పెద్దాయన, చిన్నాయన, పోయిన నడిపి సోదరుడి భార్య, ఆమె ఇద్దరు పిల్లలు, పెద్దక్క, పోయిన చెల్లెలి కొడుకు, కూతురు. మిగతా అన్నదమ్ముల పిల్లల చేత కూడా సమ్మతి సంతకాలు పెట్టించుకోమని వకీలు సలహా. చెల్లెలి కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు. అక్కడి భారత దౌత్య కార్యాలయంలో సంతకం ధృవీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపించాడు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. ఆ సంగతి తెలియక కవరు బీరువాలో పెట్టి గడువు దాటించుకున్నవారు ఎందరో.

పెద్దక్క వయసు డెబ్బై ఎనిమిది. భీమవరం దగ్గర కొడుకు ఇంట్లో ఉంటారు. తమ్ముళ్ళు కాగితం పట్టుకుని వెళితే ఆమె పెట్టనన్నారు. “మా నాన్న ఇల్లు అమ్ముతున్నారని నాకు ఊళ్ళోవాళ్ళు చెప్పాలా తమ్ముడూ?” అన్నదే ఆమె మాట. బేరం నాలుగు నెలలు ఆగింది. తమ్ముళ్ళు ఇది డబ్బు కోసమేనన్నారు. బయానా ఇచ్చేసిన మాస్టారికి నిద్ర లేదు. కలప వ్యాపారి మధ్యలో వచ్చి, సంతకాలు ఎవరివీ అడగను, రొక్కం ఇస్తానని చిన్నాయనకు ఆశ పెట్టాడు. ఒక ఉదయం ఇంటి ముందు లారీ ఆగింది కూడా. పెద్దాయన అరుగు మీద కూర్చుని, తలుపు తీయనివ్వలేదు.

చివరికి మాస్టారు, ఆయన భార్య భీమవరం వెళ్ళి ఆమెను కలిశారు. ఇల్లు పడగొట్టేందుకు కాదు, ఉండేందుకు కొంటున్నామని చెప్పారు. ఆమె ఎన్నో ప్రశ్నలు అడిగారట. నూతిలో నీళ్ళు ఉప్పదేరాయా, దొడ్లో పనస ఉందా, పురిటి గది తలుపు ఇప్పటికీ కిర్రుమంటుందా అని. ఆమె పుట్టింది ఆ గదిలో, ఆమె ఇద్దరు పిల్లలు పుట్టిందీ ఆ గదిలోనే. చట్టం ప్రకారం వచ్చే వాటా ఆమె వదులుకోలేదు, పూర్తిగా తీసుకున్నారు. మా దృష్టిలో అది సబబు. ఇంకొకటి కూడా అడిగారు: పంచలో వేలాడే ఉయ్యాలబల్ల. అది మాస్టారి దస్తావేజులో ఇంటితో సహా వచ్చే వస్తువుల్లో ఉంది. నిజానికి ఆ ఇంటిని ఆయన భార్య ఇష్టపడిందే ఆ ఉయ్యాల చూసి. ఒక నిమిషం ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. బల్ల భీమవరం వెళ్ళింది. సంతకం అయింది.

దస్తావేజులో ఏమేమి చూడాలి

ఉయ్యాల మాట వచ్చింది కనుక: పాత ఇంటి దస్తావేజులో తలుపులు, కిటికీలు, దూలాలు, స్తంభాలు, నుయ్యి, చెట్లు అన్నీ పేరుపేరునా రాయించాలి. బయానాకూ రిజిస్ట్రేషనుకూ మధ్య చెక్కుడు ద్వారబంధం మాయమై, దాని స్థానంలో వేపకర్ర గుమ్మం ప్రత్యక్షమైన ఇళ్ళు ఉన్నాయి.

ఊరి మధ్య ఇళ్ళు చాలావరకు గ్రామకంఠంలో ఉంటాయి. పాత రెవెన్యూ లెక్కల్లో గ్రామకంఠం అంతటికీ కలిపి ఒకే నంబరు ఉండడం మామూలు; ఏ ఇల్లు ఎవరిదో విడిగా ఉండదు. ఊరి కాగితాలు తెలిసిన కరణం, మునసబు ఉద్యోగాలు 1984లో రద్దయ్యాయి. 2020 ఏప్రిల్‌లో కేంద్రం ప్రారంభించిన స్వామిత్వ పథకం కింద డ్రోన్లతో ఇళ్ళ స్థలాలు కొలుస్తున్నారు. మీ ఊళ్ళో ఆ పని అయితే పంచాయతీ కార్యాలయంలో కొలతలు చూసుకోవచ్చు. ఇంటి పన్ను రసీదు ఎన్ని ఏళ్ళవి ఉన్నా అది హక్కు పత్రం కాదు. దాన్నే చూపించి అమ్మేవారి దగ్గర, ఆస్తి వారికి ఎలా వచ్చిందో చెప్పే పాత దస్తావేజులు అడగాలి.

ఈసీ తీయిస్తే 1983 నుంచి కంప్యూటరులో దొరుకుతుంది. అంతకుముందువి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో పాత పుస్తకాలు వెతికించాలి. ఈసీలో రిజిస్టరయిన లావాదేవీలే కనబడతాయి. రిజిస్టరు చేయని వీలునామా, చేతి అగ్రిమెంటు, కోర్టులో నడుస్తున్న దావా కనబడవు. అందుకని పత్రికలో ప్రకటన వేయించడం వృథా ఖర్చు కాదు. స్థలం దేవాదాయ శాఖదో, నిషేధిత జాబితాలో ఉన్నదో కాదని ముందే తెలుసుకోవాలి. అగ్రహారాల్లో, గుడి వీధుల్లో ఈ చూపు తప్పనిసరి. వాటాదారుల్లో మైనరు ఉంటే అతని పేరిట ఉన్న ఆస్తిని కోర్టు అనుమతి లేకుండా సంరక్షకుడు అమ్మకూడదు. అమ్మితే, ఆ పిల్లవాడు మేజరయిన మూడేళ్ళలో దావా వేసి ఆ అమ్మకాన్ని రద్దు చేయించుకోవచ్చు.

పక్కింటితో ఉమ్మడి గోడ, చూరు నీరు పడే జాగా, దొడ్డిదారి. ఇవి కాగితంలో ఉండవు, అలవాటులో ఉంటాయి. ఇరవై ఏళ్ళు అడ్డులేకుండా అనుభవించిన దారికి, నీటి పారుదలకు చట్టం హక్కు ఇస్తుంది. కొనే ముందు పక్కింటి అరుగు మీద ఒక సాయంత్రం కూర్చుంటే ఈ సంగతులన్నీ వాటంతట అవే బయటపడతాయి.

పాత ఇల్లు కొన్నవారందరినీ ఊరు అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది: లంకెబిందెలు దొరికాయా? నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన విలువ గల నిధిని కలెక్టరుకు తెలియజేయాలి. మాస్టారికి అటక మీద దొరికినవి రెండు పగిలిన ఆవకాయ జాడీలు, ఒక తిరగలి పైరాయి, ఎవరో పిల్లవాడు ఎక్కాలు రాసుకున్న పలక.

ఇప్పుడు ఆ ఇంట్లో

మాస్టారి కుటుంబం ఇంట్లో చేరి మూడు నెలలయింది. కాలువ పూర్తయింది. రెండు దూలాల కొసలు మార్చారు. ఆరుతున్న గోడలు ఇంకా మచ్చలు మచ్చలుగానే ఉన్నాయి. చూడవచ్చిన బంధువులు పెదవి విరుస్తున్నారు. వంటింట్లో గ్యాసు బండకు జాగా కుదరక గొడవ. స్నానాల గది దొడ్లో ఉండడంతో ముసలివారికి రాత్రిపూట ఇబ్బంది. వెనక పంచ చివర మరుగుదొడ్డి కట్టించబోతున్నారు, దాని గొయ్యి నూతికి వీలైనంత దూరంగా. అక్టోబరు వానకు మండువాలో నీరు కురిసి తూములోకి గలగలా పోతుంటే ఆమె పంచలో పీట వేసుకుని గంటసేపు కూర్చున్నారట. వీధిలో పిల్లలు కూడా వచ్చి కాగితం పడవలు వదిలారు. సాయంత్రాలు అరుగుల మీద నలుగురు చేరుతున్నారు. చాలా ఏళ్ళుగా చీకటిగా ఉన్న వీధి మొగలో ఇప్పుడు దీపం వెలుగుతున్నదని ఎదురింటివారు సంతోషిస్తున్నారు.

పెంకు సర్దేవారు సంక్రాంతి వెళ్ళాక వస్తామన్నారు. ఈశాన్యం గదిలో బిందె మాత్రం ఇంకా తీయలేదు. పెద్దక్కగారిని పండుగకు రమ్మని ఉత్తరం రాశారు. కొడుకు తీసుకొస్తే వస్తానని కబురంపారు.